దిమ్మల క్రింది యిసుక

గోదావరిని మన పూర్వులు తల్లియని కొలిచిరి. ఆనకట్ట కట్టిన యింజనీర్లు ఆమె వేగమును, లోతును కొలిచిరి. నేటి ప్రభుత్వములు మాత్రము ఆమెను టెండరు మొత్తములతో కొలుచుచున్నవి. ఈ మూడవ కొలత యొక్క ఫలితమును 2023 అక్టోబరు 21వ తేది సాయంకాలమున మేడిగడ్డ చెంత దేశమెల్ల చూచినది. ప్రాణహిత గోదావరిలో కలియు చోటునకు దిగువన, 85 గేట్లతో నిర్మింపబడి, 2019 జూను 21న మహావైభవముతో ప్రారంభింపబడిన యా బ్యారేజిలో, ఏడవ బ్లాకునందలి స్తంభములు క్రుంగినవి. పై వంతెన వంగినది. నాలుగేండ్ల నాలుగు మాసములు! 1852లో ముగిసిన ధవళేశ్వరపు పాత యానకట్ట నూరేండ్లకు పైగా డెల్టాను పోషించి, 1970 తరువాత గాని క్రొత్త బ్యారేజికి చోటీయలేదు. ఆ కాలమున సిమెంటు కాంక్రీటు లేదు, కంప్యూటరు లేదు, ఉక్కు రేకుల పైళ్ళు లేవు. మరి యేమి యున్నది? ఆ ప్రశ్నకు జవాబు చెప్పుటకే యీ వ్యాసము.

మేడిగడ్డ యన్నంతనే మనవారు రెండు జట్లుగా విడిపోవుచున్నారు. కట్టినవారిని దూషించువారొక జట్టు, దూషించువారిని దూషించువారొక జట్టు. క్రుంగిన తొలినాళ్ళలో ఇది విద్రోహుల పనియేమోయని పోలీసులకు ఫిర్యాదు కూడ చేయబడినది. నదిపై నేరము మోపుట కష్టము గనుక కనబడని శత్రువుపై మోపజూచిరి కాబోలు! ఆ వివాదమును మేమిచట పెంచదలచుకొనలేదు. విచారణలు జరిగినవి; జస్టిస్ పినాకి చంద్రఘోష్ కమిషను 2025లో తన నివేదికను సమర్పించినది; దోషులెవ్వరో తేల్చుటకు న్యాయస్థానములు గలవు. మా కంటబడినది వేరొకటి. జాతీయ డ్యాముల భద్రతాధికార సంస్థ 2023 నవంబరులో నిచ్చిన నివేదికలో ప్రణాళిక, రూపకల్పన, పనితనము, నిర్వహణ యను నాలుగింటను లోపము లున్నవని వ్రాసినది. ఆ నాలుగవదానిని గూర్చి వ్రాయుచు, బ్యారేజి పనిచేయ నారంభించిన 2019-20 వానకాలము మొదలుకొని దాని కాంక్రీటు దిమ్మలను గాని, వాని యావలి రాతి ఆప్రానును గాని పరీక్షించి బాగుచేయుట జరుగలేదనియు, ఇందువలన కట్టడము క్రమముగా బలహీనపడినదనియు చెప్పినది. పత్రికలు స్తంభముల బొమ్మలను ముద్రించినవి. దిమ్మల బొమ్మలను ముద్రించినవారు బహుస్వల్పము. స్తంభము కనబడును, దిమ్మ నీటిలో నుండును. మన రాజకీయములకు నీటిలోని వస్తువు లేనట్టిదే గదా!

ఈ దిమ్మలనగా నేమి? ఇసుకనేలపై కట్టిన ప్రతి బ్యారేజికిని గేట్ల దిగువన గట్టి కాంక్రీటు నేల యొకటి యుండును. ఆ నేల ముగిసినచోట నది మొదలగును. గేట్లక్రిందినుండి దూసికొనివచ్చు నీరు ఆ సరిహద్దుననే యిసుకను త్రవ్వును. అందువలన నచట ముందుగా సన్నని యిసుక, ముదుక యిసుక, కంకర, పెద్దకంకర అను క్రమమున పొరలు పరచి, ఆ పొరలపై దిమ్మలను పోసెదరు. దిమ్మకును దిమ్మకును నడుమ సుమారు 75 మిల్లీమీటర్ల సందు విడిచి, ఆ సందును గులకరాళ్ళతో నింపవలయునని మన దేశపు ప్రమాణ గ్రంథములు విధించుచున్నవి. చదువరులు ఈ సందును జ్ఞాపకముంచుకొనవలయును. వ్యవహారమంతయు దానిలోనే యున్నది.

ఆనకట్ట యెగువన నీరు నిలిచిన యెడల ఆ నీటిలో కొంత నేలక్రిందినుండి ఊటయై ప్రాకి దిగువన పైకి వచ్చును. దాని నాపుట యెవ్వరి తరము కాదు. తగ్గింపవచ్చును, దారి మళ్ళింపవచ్చును. ఆ ఊట తనతోపాటు ఇసుక రేణువులను మోసికొని వచ్చెనా, దిగువనుండి యెగువకు బుంగ యేర్పడును. చెరువుకట్టపై బ్రతికిన మన రైతునకు బుంగ యననేమో యెవ్వరును చెప్పనక్కరలేదు. ఎండ్రకాయ త్రవ్విన రంధ్రమునుండి యూరు కొట్టుకొనిపోయిన కథలు వాడు తాతలనాటినుండి వినుచున్నాడు. దిమ్మల క్రింది పొరలు చేయవలసినపని యేదనగా, నీటిని పోనిచ్చి ఇసుకను నిలుపుట. దిమ్మ చేయవలసినపని, ఆ పొరలు కొట్టుకొనిపోకుండ బరువై కూర్చుండుట. కావున దిమ్మ కావలివాడు మాత్రమే. ధనము పొరలలో నున్నది. కావలివాడు వరదలో కొట్టుకొనిపోయిన పిమ్మట ధనమెన్నాళ్ళు నిలుచును?

దిమ్మలను వేరొకచోట పోసి తెచ్చి పేర్చుట యొక పద్ధతి. ఉన్నచోటనే పోయుట రెండవ పద్ధతి. ఏటిలో మట్టికట్టలు వేసి, పంపులతో నీరు తోడి, నేల నారబెట్టి, చదరంగపు పలకలో నల్లగడి విడిచి తెల్లగడిని నింపినట్లు ఒకటి విడిచి యొకటి పోసికొనిపోయి, అవి గట్టిపడిన తరువాత నడిమివానిని పోయుదురు. ఇట్లు పోసిన దిమ్మ తన పాన్పునకు సరిగా నొదిగికూర్చుండును. ఎత్తి దించు యంత్రములతో పనిలేదు. పెద్ద పరిమాణమున పోయవచ్చును. ఇది మంచి పద్ధతియే. మేము దానికి విరోధులము కాము. కాని దీనిలో మూడు మోసములకు తావున్నది. వేరొకచోట పోసిన దిమ్మ యడుగును త్రిప్పి చూడవచ్చును. ఇచట పోసిన దిమ్మ యడుగును భూదేవి తప్ప మరెవ్వరును చూడరు. పలుచని సిమెంటుపాలు క్రింది పొరలలోనికి దిగి గడ్డకట్టిన యెడల, వడపోయవలసిన పొర రాతిగోడ యగును; నీటికి దారి మూసికొనిపోవును. ఇక మూడవది అన్నిటికంటె దారుణము. చూచుటకు శుభ్రముగా నుండునని సందులను కూడ సిమెంటుతో పూడ్చివేయుట! దారి దొరకని ఊటనీరు క్రిందనుండి దిమ్మను తలతో పొడుచును. ఎచ్చటనో యొక బలహీనపు మూల నిట్లు లేచినంతట, అచటినుండి యిసుక వెలికి రా నారంభించును. పనిని పర్యవేక్షించు నధికారి దిమ్మల వరుసలు దారముపట్టినట్లున్నవా యని చూచును గాని, సందులో వ్రేలు పెట్టి చూచువా డెక్కడ?

దిమ్మలకు ఆవల రాతి ఆప్రాను గలదు. ఇందును ఒక సొగసున్నది. గుండురాళ్ళను నది యడుగున వెడల్పుగా పరచి విడిచెదరు, దేనికిని కట్టరు, సున్నముతో నతుకరు. నది తన మర్యాదచొప్పున ప్రక్కన గోయి త్రవ్వినప్పుడు, ఆ రాళ్ళు తమంతట తాము గోతి వాలులోనికి దొర్లి ఆ వాలును కప్పును. అనగా నదియే తన పనివాడై తన కోతను మాన్పుకొనును. గోయి యెంత లోతుండును? 1930లో లేసీ యను నింజనీరు కాలువలను పరిశీలించి చెప్పిన లెక్క ప్రకారము, ఒక్క మీటరు వెడల్పున సెకనునకు 50 ఘనపు మీటర్ల నీరు సాగునెడల, మధ్యరకపు ఇసుకలో నీటిమట్టమునుండి సుమారు 18 మీటర్లవరకు కోత దిగును. కట్టడమునకు దిగువన నీరు సుడి తిరుగుచుండును గావున దానిని ఒకటిన్నర మొదలు రెండు రెట్లుగా నెంచవలయును. పదియంతస్తుల మేడ మునుగు లోతు! దీని కెదురుగా మనము పెట్టునది రాతికుప్ప. ఆ కుప్ప ప్రతి వరదలోను కొంత దిగిపోవును. దిగిపోవుటయే దాని ధర్మము. దిగినంత మరల నింపుట మన ధర్మము. మొదటిది ప్రతి సంవత్సరము తప్పక జరుగుచున్నది. రెండవది ఫైళ్ళలో జరుగుచున్నది.

ధవళేశ్వరమున నేమి యున్నదని యడిగితిమి గదా! కాటను దొర 1847లో పని మొదలిడినప్పుడు, అడుగు తెలియని యిసుకపై, లోతులేని యిటుకబావులు దించి, వానిపై కట్టడము లేపి, దిగువన రాతికుప్పలు పోయించినాడు. ఆ విద్య వాని కెచటినుండి వచ్చినది? కావేరిపై మన పూర్వులు కట్టిన కల్లణై యానకట్టనుండి. తెలియనంత లోతైన యిసుకలో పునాది నిలుపు విద్యను ఈ దేశీయులవద్దనే నేర్చుకొంటిమని ఆ దొరయే ఒప్పుకొనియున్నాడు. వానికి కుడిభుజమైన వీణెం వీరన్న మనవాడు. వేలాది కూలీల నొకచోట కూర్చి పని నడిపినవాడు. పరపాలనలో ఆ పేరు కాటను నీడలో నుండిపోయినది. స్వపరిపాలనలో మనమేమైన వెలికిదీసితిమా యనుట వేరుమాట. ఆ యానకట్ట గొప్పతనము పుట్టుకలో లేదు, పెంపకమున నున్నది. కట్టుట ముగిసిన తరువాత దశాబ్దులు రాయి పోయుచునే యుండిరి. ధవళేశ్వరపు కొండనుండి రాయి పోవుచునే యుండెను. వరద తీసిన వెంటనే లోతులు కొలుచుట, దిగినచోట రాయి వేయుట, ఇది యొక వార్షికోత్సవముగా నుండెను. విదేశీ ప్రభుత్వము దీనిని మన ప్రేమచేత చేయలేదు. ఆనకట్ట తెగినచో శిస్తు తెగునని చేసినది. శిస్తుకొరకు పరాయివాడు చేసిన పనిని, ప్రజలకొరకు మనవాడు చేయలేకున్నాడన్న, ఆ మాట వ్రాయుటకే మా కలము సిగ్గుపడుచున్నది.

నాటివారు తప్పులు చేయలేదని కాదు. చీనాబు నదిపై ఖాంకీ ఆనకట్ట 1895లో చెడినది. గంగపై నరోరా ఆనకట్ట నేల 1898లో క్రింది నీటి యొత్తిడికి చెడినది. ఆ గాయములనుండియే బ్లై లెక్క పుట్టినది; అదియు చాలదని ఎగువ చీనాబు కాలువ కట్టడముల క్రింద గొట్టములు దించి, ఒత్తిడిని కొలిచి, మన దేశస్థుడైన అయోధ్యానాథ ఖోస్లా తన సహచరులతో 1936లో నొక గ్రంథము ప్రకటించినాడు. ఊట బయటికి వచ్చుచోట దాని వాటము ఇసుకను లేపనంత తక్కువగా నుండవలయునని ఆయన తేల్చినది నేటికిని ప్రపంచమున పాఠముగా చెప్పబడుచున్నది. ఇంతటి విద్య మనయింట పుట్టియుండగా, దాని తొలిపాఠమే మన గోదావరిలో నోడినది. తెలివి లేక చెడినవారిని క్షమింపవచ్చును.

ఇచట నొక యాక్షేపణ రావచ్చును. 2022 జూలైలో గోదావరికి అసాధారణపు వరద వచ్చినది. మేడిగడ్డవద్ద 28 లక్షల క్యూసెక్కులు దాటినది. భద్రాచలమున నీటిమట్టము 71 అడుగులు మించినది. అట్టి వరదకు ఏ దిమ్మ నిలుచును? అని. మంచిది. ఆ వరదకు స్తంభములు నిలిచినవి గదా! క్రుంగినది ఆ వరదలో కాదు, పదునైదు మాసములకు, అక్టోబరు చివర, నది వరదలో లేనప్పుడు, గేట్లు మూసి నీరు నిలిపియున్న వేళ. వరద నదిని బహిరంగముగా నరకును. నిలువనీరు చాటుగా కొరుకును. పైగా దిమ్మలు చెదరుట 2022 మాట కాదు. తొలి వరదకాలమైన 2019లోనే దిగువ దిమ్మలు కదలినవని తరువాతి విచారణలలో వెల్లడియైనది. బాగుచేయవలసినవాడు గుత్తేదారా, శాఖయా యను నుత్తర ప్రత్యుత్తరములు నడచుచుండగా నాలుగు వానకాలములు గడచినవి. నది యుత్తరములు చదువదు. అన్నారమునను నదేకాలమున ఊటలు బయటపడినవి. ఒక్క బ్లాకు దోషమని చెప్పి తప్పుకొనుటకు వీలులేకుండ పోయినది.

బ్యారేజి మాట అట్లుండనిండు. ఏటిగట్ల మాటకు వచ్చెదము. ఇచట నష్టపోవునది కోటానుకోట్ల కట్టడము కాదు, లంక రైతు నాలుగు కుంచముల నేల, పది కొబ్బరిచెట్లు, ఒక పెంకుటిల్లు. గోదావరి పాయలలో నేటేట గట్టు కోసుకొనిపోవుచునే యున్నది. 1986 ఆగస్టులో ధవళేశ్వరమున 35 లక్షల క్యూసెక్కులు దాటి కరకట్టలకు గండ్లు పడిన కథను ఉభయగోదావరులలోని పెద్దలు నేటికిని చెప్పుకొందురు. గట్టు నేట్లు కోసికొనిపోవునో చూచినవారికి తెలియును. పైనుండి కాదు, పాదమునుండి. నది వాలునకు క్రింద, నీటిలోపల, గట్టు పాదమును తొలుచును. పైన వాలుపై పోసిన కాంక్రీటు పలకలు కొన్నాళ్ళు గాలిలో నిలిచినట్లు నిలిచి, ఒక రాత్రి మొత్తముగా జారును. ఇంకొక దెబ్బ వరద తీయునప్పుడు పడును. నది వేగముగా దిగిపోవును. గట్టులోని నానిన మట్టి అంత వేగముగా నీరు విడువలేదు. ఆ నీరు వెనుకనుండి పలకలను నెట్టును. సందు లేని పలక అంతట పగులును, లేదా పొట్టలేచును. కావున గట్టున పోయు దిమ్మలకును అదే శాసనము: క్రింద వడపోత పొర, నడుమ సందు, పాదమున రాతి ఆప్రాను. ఈ మూడు లేక పోసిన కాంక్రీటు గట్టునకు తొడుగు కాదు, బరువు.

కాంక్రీటనగానే మేము ముఖము చిట్లింతుమని తలపవలదు. విజయవాడ కృష్ణలంకవద్ద కట్టిన రక్షణ గోడ, 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజివద్ద 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరదలో ఆ పేదలపేటలను కాచినది. దానిని కట్టించినందుకు మెచ్చవలసినదే. కాని అదే వరదలో అదే పట్టణము వెనుకతట్టున, బుడమేరు మళ్ళింపు కాలువ కట్టకు మూడు గండ్లు పడి, సింగ్ నగరము రోజులతరబడి నీట నుండెను. ముందు కాంక్రీటు కోట, వెనుక చూచువాడు లేని మట్టికట్ట! నగరమును ముంచినది వెనుకటిది. గోడ కట్టుటకు ధనముండి కట్ట చూచుటకు ధనము లేకపోవుట యేమి లెక్క? 2015 పుష్కరములకు గోదావరి పొడవున స్నానఘట్టములు కట్టిరి. భక్తుల సౌకర్యమునకు మేము వ్యతిరేకులము కాము. అయినను, ఘట్టము చివరిమెట్టు క్రింద నది యేమి చేయుచున్నదని మరుసటి యేడు చూచినవా రెందరని యడుగుట పాపము కాదనుకొనెదము.

ఈ యనారోగ్యమునకు మూలము విద్యలో లేదు, పద్దులో నున్నది. కట్టుబడి పద్దు పెండ్లివంటిది. అందరును వత్తురు, అందరును తిందురు, శిలాఫలకము మిగులును. నిర్వహణ పద్దు వృద్ధురాలైన తల్లికి మందువంటిది. ప్రతి నెల వ్యయము, పేరు రాదు. కాలువలమీద లస్కర్లు చాలని చోట్లు రైతుల కెరుకయే. కట్టమీద నడచువాడు లేనిచోట బుంగను తొలుత చూచు కన్ను లేదు. 2021 నాటి డ్యాముల భద్రతా చట్టము వానకాలమునకు ముందును వెనుకను పరీక్ష జరుపవలయునని యజమానిని శాసించుచున్నది. ఆ యజమాని ప్రభుత్వమే. తానే శాసించి, తానే పాటించి, తప్పినచో తానే శిక్షించుకొనవలసిన వ్యవస్థలో, ప్రజ యడుగనిదే యేదియు జరుగదు.

అడుగవలసినవి కష్టమైన మాటలు కావు. దిమ్మ పోయుటకు ముందు క్రింది పొరలను కొలిచి చూచి సంతకముచేసిన యధికారి యెవ్వరు? అతని పేరు బిల్లుపై నుండునా? పోయుసమయమున సిమెంటుపాలు పొరలోనికి దిగకుండ నడుమ నేమి పరచితిరి? సందులు తెరచియున్నవా? రాతినిల్వ గట్టుమీద కుప్పగా నున్నదా, లేక పుస్తకములో నున్నదా? వరద తీసిన తరువాత ప్రతి నవంబరులోను బ్యారేజి దిగువన లోతులు కొలిచి, మునుగీత నేర్చినవారిచే దిమ్మలను చూపించి, ఆ పటమును ప్రజల కండ్లయెదుట పెట్టుటకు అభ్యంతరమేమి? నది లోతు రాష్ట్రరహస్యమా? గుత్తేదారు దోషమా, శాఖ దోషమా యని తేలువరకు రాయి వేయక కూర్చుండుట యెవ్వరి సొమ్ముతో? ముందు రాయి వేసి, పిమ్మట వ్యయమును దోషినుండి రాబట్టుట కేయే చట్ట మడ్డుచున్నది?

కట్టుబడికి వ్యయమైన ప్రతి నూరు రూపాయలతోపాటు, దిమ్మల కొరకును ఆప్రాను కొరకును ప్రత్యేకముగా నొక మొత్తమును శాసనసభ కేటాయింపవలయును. ఆ మొత్తమును మరొక పనికి మళ్ళించుట నేరముగా నెంచవలయును. ఆయకట్టు సంఘములకు ఆ పటములు అందవలయును. ధవళేశ్వరము, విజయవాడ, మేడిగడ్డ యను భేదము లేక, ఆంధ్ర తెలంగాణ ప్రభుత్వములు రెండును ఈ యొక్క విషయమున నొకే నియమమునకు లోబడవలయును. ఎగువవాని దిమ్మ చెదరిన, దిగువవానికి ముప్పు గదా! రాబోవు నవంబరులో ఈ పటములు బయటికి రానియెడల, డెల్టా రైతులును, గోదావరి గట్టు గ్రామస్థులును తమ శాసనసభ్యుల గుమ్మములయొద్దకు పోయి, గడచిన వరదలో దిమ్మ లెన్ని కదలినవి, ఎన్నిటిని మరల నిలిపితిరి యని లెక్క యడుగవలసియున్నది.